థాయిలాండ్‌లో ఏ బండి?

రేగొండ బస్టాండు ఎదురుగా అమర్‌కు విత్తనాలు, పురుగుమందుల దుకాణం ఉంది. ఆ ఏడాది ఒక పత్తి విత్తనాల కంపెనీ, తాను పెట్టిన టార్గెట్ దాటి అమ్మిన డీలర్లను థాయిలాండ్ తీసుకుపోతానని ప్రకటించింది. అమర్ దాటాడు. దాటినట్టు కంపెనీ మనిషి ఫోన్ చేసి చెప్పినప్పుడు దుకాణంలో ఎరువు బస్తాలు దించుతున్నారు. అమర్ ఆ దుమ్ములోనే నిలబడి భార్యకు సైగ చేసి నవ్వాడు. అతనప్పటిదాకా విమానం ఎక్కలేదు.

దుకాణంలో బిల్లులు కొట్టేది భార్య లతే. టార్గెట్ దాటడంలో సగం కష్టం ఆమెది. టికెట్ మాత్రం ఒక్కరికే.

"నువ్వు పోయిరా. సముద్రం ముంగట పోజులు కొట్టుడు కాదు, అక్కడి పొలాలు, దుకాణాలు ఎట్లుంటయో వీడియో తియ్యి. నేను చూడాలె" అంది లత. ఆ గొంతులో కొంచెం కూడా కుళ్లు లేదు.

కంపెనీ మూడు రోజులు తానే తిప్పుతుంది. ఆ తర్వాత రెండు రోజులు ఎవరిష్టం వాళ్లది. ఆ రెండు రోజులకు ఓ కారు అద్దెకు తీసుకుని తిరుగుదామని నలుగురు డీలర్లు అనుకున్నారు. రేగొండ నుంచి అమర్, మానుకోట నుంచి గోపాల్, జనగామ నుంచి రంజిత్, జగపతి. ఏ కంపెనీ బండి మంచిదో చూసే పని జగపతి అమర్‌కు అప్పజెప్పాడు.

"నువ్వు ఇంగ్లీషు చదివినోడివి. మంచిగ చూసి పెట్టు, బిడ్డా. ఆదివారం మా ఇంటికి అందరొస్తరు. కూసొని ఖాయం చేద్దాం."

జగపతి మాటంటే అమర్‌కు వేదం. ఆయన అందరిలాగా చిల్లర డీలరు కాదు, డిస్ట్రిబ్యూటర్. జనగామ నుంచి మూడు జిల్లాల దుకాణాలకు ఆయన గోడౌన్ నుంచే సరుకు పోతుంది. పాలకుర్తి దగ్గర భూములున్నాయి, పార్టీలో పలుకుబడి ఉంది. అమర్ తండ్రికి స్నేహితుడు. తండ్రి పోయినప్పుడు దినాల దాకా పక్కనే ఉండి, దుకాణం లైసెన్సు అమర్ పేరు మీదికి మార్పించింది ఆయనే. అందుకే అమర్ ఆయన్ని "కాకా" అని పిలుస్తాడు. ఆయన భార్య కమలాదేవిని "చిన్నమ్మా" అంటాడు. వాళ్ల బిడ్డ అక్షయ ప్రతి రాఖీకి అమర్‌కు రాఖీ కడుతుంది.

ఆ వారమంతా అమర్, లత సాయంత్రాలు టీ తాగుతూ కంప్యూటర్ ముందు కూర్చుని బండ్ల కంపెనీలు చూశారు. ఒక కంపెనీ చాలా తక్కువకు ఇస్తుందిగానీ, లేని గీతలు చూపించి డిపాజిట్ తిరిగి ఇవ్వలేదని జనం తిట్టుకున్నారు. ఇంకో దానికి విమానాశ్రయంలో ఆఫీసే లేదు, వాళ్ల వ్యాన్ కోసం బయట ఎదురుచూడాలి. మూడోది నచ్చింది. బీమా అంతా అందులోనే ఉంది, ఎన్ని కిలోమీటర్లైనా తిరగొచ్చు, ట్యాంకు నిండా పోసి ఇస్తారు, నిండా పోయించి తిరిగి ఇవ్వాలి. అక్కడా మనలాగే ఎడమ పక్కనే నడపాలని తెలిసి అమర్‌కు ధైర్యం వచ్చింది. భూపాలపల్లి ఆర్టీవో ఆఫీసుకు పోయి విదేశాల్లో నడిపే పర్మిటు కూడా తెచ్చుకున్నాడు.

ఆ కంపెనీకి తనే ఫోన్ చేశాడు. చెయ్యడానికి ముందు నాలుగైదు వాక్యాలు లత ముందు బట్టీ పట్టాడు. అవతల ఒక అమ్మాయి ఎత్తింది. అమర్ ఇంగ్లీషు తడబడితే ఆగింది, తన ఇంగ్లీషు తడబడితే నవ్వింది. బండి తీసుకునేటప్పుడు నాలుగు పక్కలా వీడియో తీసుకోమని ఆమే చెప్పింది. వర్షం పడితే ఏ రోడ్డులో పోవద్దో కూడా చెప్పింది.

"మంచి పిల్ల" అంది లత. "మన దుకాణంల గూడ గిట్ల ఓపికతోని చెప్పాలె. నువ్వైతే రైతులు రెండోసారి అడిగితే కస్సుమంటవ్."

ఆదివారం అమర్ హుషారుగా జనగామ బయలుదేరాడు. వివరాలన్నీ ఫోన్లో పెట్టుకున్నాడు.

జగపతి ఇంటి మేడ మీద పెద్ద హాలు. అమర్ వెళ్లేసరికి గోపాల్, రంజిత్ అప్పటికే సీసా తెరిచి కూర్చున్నారు. గోపాల్‌కు యాభై దాటాయి. ఏటా మాల వేసుకుని నలభై రోజులు నల్లబట్టల్లో తిరిగే మనిషి. రంజిత్‌ది అమర్ వయసే. కంపెనీ మీటింగుల్లో ఇద్దరూ పక్కపక్కనే కూర్చుంటారు. కింద నుంచి మటన్ కూర, బగారన్నం వచ్చాయి. అమర్ తాగడు కాబట్టి ముందే ప్లేటు పెట్టుకున్నాడు.

"ఇగ చెప్పు" అన్నాడు జగపతి.

అమర్ మొదలుపెట్టాడు. బీమా సంగతి చెప్పాడు. డిపాజిట్ సంగతి చెప్తుండగా గోపాల్ ఆవులించాడు.

"నడిపేది ఎవరు?" అన్నాడు.

"నేనే అన్నా. పర్మిటు తెచ్చుకున్న."

"డ్రైవర్ ఉండడా?"

"ఎందుకన్నా, అనవసరం. మనకు నచ్చిన కాడ మనమే ఆపుకోవచ్చు."

గోపాల్, జగపతి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రంజిత్ గ్లాసులోకి చూస్తూ నవ్వాడు.

"పిచ్చోడా" అన్నాడు జగపతి ముద్దుగా. "నువ్వు స్టీరింగు పట్టుకుంటే నీ పని ఎప్పుడు చేస్కుంటవ్? నా కాడ ఒక కంపెనీ ఉన్నది. పోయినేడు మేం పోయింది వానితోనే. మనోడే, తెలుగోడే. బండి ఇస్తడు, డ్రైవర్‌ను ఇస్తడు, మిగిలిందంత వాడే చూస్కుంటడు."

మిగిలింది ఏమిటో అమర్‌కు వెంటనే అర్థం కాలేదు. హోటల్ గదులు కావచ్చు అనుకున్నాడు. జగపతి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, కూర గిన్నె పక్కన పెట్టాడు.

"నమస్తే పెద్దాయనా!" అంది అవతలి గొంతు. పాత చుట్టంతో మాట్లాడుతున్నట్టు ఉంది. "ఈసారి ఎంతమంది? నలుగురా? మీకు పెద్ద బండి పెడ్త. నలుగురికి నలుగురు, రెండు రోజులు బండ్లనే మీ ఎంబడి ఉంటరు. ఫోటోలు పంపిన, చూస్కోండి. పోయినసారి పిల్ల మీకు నచ్చింది కదా, ఉన్నది, కావాల్నా?"

"పాతది వద్దు" అన్నాడు జగపతి. "కొత్త సరుకు చూపియ్యి."

అమర్ చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది.

ఫోటోలు వచ్చాయి. కారు ఫోటో ఒకటే, మిగిలినవన్నీ అమ్మాయిలవి. ఒక్కో అమ్మాయి ఛాతీ దగ్గర నంబరు రాసిన కాగితం పట్టుకుని, ఒకే గోడకు ఆనుకుని నిలబడి ఉంది. గోపాల్ ఫోన్ అందుకున్నాడు. అతని వేళ్లకు కూర నూనె ఉంది. ఆ వేలితోనే ఫోటోలు జరుపుతుంటే ఒక్కో మొహం మీద పసుపు మరక సాగింది. ఒక అమ్మాయి కళ్ల మీద మసాలా ముక్క అంటుకుంది. గోపాల్ దాన్ని బొటనవేలితో తుడిచి, ఆ వేలు నోట్లో పెట్టుకుని చీకి, "గిది మంచి రకం. మొలక గ్యారంటీ" అన్నాడు.

"లాట్ నంబర్ చూసి తీస్కో అన్నా, నకిలీ ఉంటయి" అన్నాడు రంజిత్.

ముగ్గురూ పగలబడి నవ్వారు. రోజంతా రైతులతో మాట్లాడే మాటలవి. విత్తనాల సంచి చేతిలో పట్టుకుని రైతు భయంభయంగా అడిగే మాటలు. వాటితోనే వీళ్లు ఈ అమ్మాయిలను ఏరుకుంటున్నారు. అమర్ రంజిత్ మొహంలోకి చూశాడు. రంజిత్ కన్ను గీటాడు.

"వయసెంతుంటది?" అని ఫోన్ వెనక్కి తీసుకుని అడుగుతున్నాడు జగపతి.

"ఇరవై రెండు, ఇరవై మూడు. అంతకు మించి ఒక్కతి లేదు, పెద్దాయనా."

అప్పుడే మెట్ల మీద అడుగులు వినిపించాయి. అక్షయ వేడి వేడి గారెలు పట్టుకుని వచ్చింది. ఆ ఏడే ఇంజనీరింగ్ అయిపోయింది ఆమెకు. జగపతి ఫోన్ మీద అరచెయ్యి పెట్టాడు. మొహం ఒక్క క్షణంలో తండ్రి మొహం అయిపోయింది.

"నువ్వెందుకు తెచ్చినవ్ బిడ్డా, పనామెను పంపకపోయినవా? చేతులు కాల్తయి. అక్కడ పెట్టి కిందికి పో తల్లీ."

"అమరన్నా, నాకు అక్కడి నుంచి ఏం తెస్తున్నవ్?" అని అక్షయ నవ్వుతూ అడిగింది. అమర్ ప్లేటులోకి తల వంచాడు. ఆమె కిందికి దిగింది. జగపతి అరచెయ్యి తీశాడు.

"ఆ, చెప్పు" అన్నాడు ఫోన్లోకి. "ఇరవై రెండు అన్నవ్ కదా."

అమర్ లేచాడు. చెయ్యి కడుక్కుని వస్తానన్నాడు. వెనక మెట్ల మీదుగా దిగి, పెరట్లో నల్లా దగ్గర వంగాడు. తిన్నదంతా బయటికొచ్చింది. నీళ్లు పుక్కిలించి ఉమ్మినా మసాలా వాసన ముక్కును వదల్లేదు.

తలెత్తేసరికి కమలాదేవి తువ్వాలతో నిలబడి ఉంది.

"తాగినవా?"

"లేదు చిన్నమ్మా. ఎండల వచ్చిన కదా."

ఆమె తువ్వాల ఇచ్చింది. పోలేదు. జామచెట్టు వైపు చూస్తూ అడిగింది.

"కారు సంగతి నీకు అప్పజెప్పిండంట కదా మీ కాక."

"ఆఁ."

"డ్రైవర్ ఉండే బండి వద్దు నాయినా. నువ్వే నడుపు. నువ్వు ఎంబడి ఉంటే..." ఆమె ఆగింది. ఆ తర్వాత గొంతు తగ్గించి, గబగబా, ఎవరికో అప్పజెప్పాల్సిన మాటలు అప్పజెప్పినట్టు చెప్పింది. "పోయినేడు గట్లనే పోయొచ్చిండు. వచ్చినంక రోగం వచ్చింది. ఆయన మందులు ఆయన చాటుకు మింగిండు. నాకు చెప్పలే. నాకు గూడ వచ్చింది. హన్మకొండ దవాఖానల డాక్టరమ్మ నా మొహం చూసి, 'మీ ఆయన్ను గూడ తోల్కరా అమ్మా' అన్నది. ఎందుకు అనడిగితే నర్సు దిక్కు చూసింది. నర్సు నవ్వింది. ఈ వయసుల నాకు గిదంత అవసరమా, అమర్?"

అమర్ తువ్వాలను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ఆ తల్లిలాంటి మనిషి తన ముందు ఆ మాటలు చెప్పాల్సి వచ్చినందుకు సిగ్గుతో చచ్చిపోయాడు. తువ్వాల తిరిగిచ్చి మెట్లెక్కాడు.

మేడ మీదికి వెళ్లేసరికి అంతా ఖాయమైపోయింది. జగపతి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"బుకింగు నీ పేరు మీద చెయ్యి. మా కార్డులు ఇంట్ల వాళ్ల ఫోన్లకు కలిసి ఉన్నయి, మెసేజులు పోతయి. నీదైతే పరేషాన్ లేదు. లత ఏమంటది, కారు అద్దె అనుకుంటది. ఫోటోలు నీకు గూడ పంపిన, నీది నువ్వు చూస్కో."

భుజం మీద ఆ చెయ్యి బరువుగా, వెచ్చగా ఉంది. తండ్రి పాడె మోసినప్పుడు పట్టుకున్నది ఆ చెయ్యే. అమర్ దాన్ని తోసెయ్యలేదు. తలూపి వచ్చేశాడు. దారి పొడుగునా భుజం మీద ఏదో అంటుకున్నట్టే ఉంది.

"ఏ కంపెనీ ఖాయం చేసిండ్రు? మనదేనా?" అని లత గుమ్మంలోనే అడిగింది.

అమర్ ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు. ఆమె రెండు మూడు ఫోటోలు చూసి, ముందు అర్థం కాక, తర్వాత అర్థమై, ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టింది. అమర్ మిగిలినదంతా చెప్పాడు. కమలాదేవి చెప్పింది చెప్పేటప్పుడు లత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వేమన్నవ్?"

"ఏమనలే."

"ఆ ముసలోని మొహం మీద ఒక్క మాట గూడ అనలేదా? నోరు పెగల్లేదా నీకు?"

"కాక కదా, లతా."

"కాకనా?" అంది లత. "అక్షయను కిందికి తోలి, ఆ వయసు పిల్లనే ఫోన్ల బేరం చేసినోడు నీకు కాకనా? తలూపి వచ్చినవ్ కదా, వానికీ నీకూ ఏం ఫరకున్నది?"

అమర్‌కు కోపం వచ్చింది. కానీ ఆ మాట నిజం. ఫోన్లో ఓపికగా బీమా గురించి చెప్పిన ఆ అమ్మాయి గొంతు గుర్తొచ్చింది. ఆమె మొహం ఎలా ఉంటుందో అతనికి తెలియదు. నంబరు పట్టుకుని నిలబడ్డ అమ్మాయిల మొహాలు మాత్రం కళ్లు మూసుకున్నా కదులుతున్నాయి.

అతను బుకింగు చెయ్యలేదు. జగపతి రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మూడోసారి ఫోన్ రాలేదు. మనిషే వచ్చాడు. తెల్ల కారు దుకాణం ముందు ఆగింది. లోపల బక్కయ్య అనే పెద్దమనిషి మిరప చేనుకు మందు అడుగుతూ కూర్చున్నాడు. ఇంకో ఇద్దరు రైతులు బయట నిలబడ్డారు. జగపతిని చూసి అందరూ లేచారు.

"ఏందిరా, ఫోన్ ఎత్తుతలేవు?" అన్నాడు జగపతి నవ్వుతూ. "బండి సంగతి ఏం చేసినవ్?"

"నేను వస్తలేను కాకా."

"ఎందుకు? పాణం మంచిగ లేదా?"

"నువ్వు చూసింది బండి కంపెనీ కాదు. దానికి నా పేరు పెట్ట. మీ ఎంబడి రాను."

జగపతి రైతుల వైపు ఒకసారి చూశాడు. నలుగురిలో అమర్ అంతకు మించి మాట్లాడడని ఆయనకు ధీమా.

"జర మెల్లగ మాట్లాడు. భయమైతే భయమైతుందని చెప్పు, తప్పేం లేదు. పెండ్లాన్ని అడిగినవా? ఆమె వద్దన్నదా?" అని నవ్వాడు.

బిల్లులు కొట్టే చోటు నుంచి లత లేచింది.

"నేనే వద్దన్న, మామా" అంది. "ఏ బండి తీస్కుంటున్నరో చిన్నత్తమ్మకు గూడ చెప్పిండ్రా? లేకుంటే నేను ఫోన్ చేసి చెప్పాల్నా? ఫోటోలు గూడ ఉన్నయి, పంపిస్త."

జగపతి నవ్వు అలాగే మొహానికి అతుక్కుని ఉండిపోయింది. బక్కయ్య చేతిలో మందు డబ్బా పట్టుకుని ఒకసారి వీళ్లను, ఒకసారి ఆయన్ను చూశాడు. జగపతి అమర్ దగ్గరికి వచ్చి, చెవి దగ్గర చాలా నెమ్మదిగా అన్నాడు.

"మీ బాపు పోయినప్పుడు నేను లేకుంటే ఈ దుకాణం ఉండేదా? రేపటిసంది నా గోడౌన్ దిక్కు రాకు. ఎవని సరుకు అమ్ముతవో చూస్త."

ఆయన నోటి నుంచి వక్కపొడి వాసన కొట్టింది. అమర్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

అన్నట్టే చేశాడు జగపతి. తొలకరి పడేసరికి రైతులంతా అడిగిన పత్తి రకం అమర్ దుకాణంలో లేదు. పరకాల నుంచి ఇంకో డిస్ట్రిబ్యూటర్ దగ్గర వేరే కంపెనీ సరుకు తెచ్చి పెట్టుకున్నాడు. కొందరు తీసుకున్నారు. బక్కయ్య సంచిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమనుకోకు అమర్, నాకు పాతదే కావాలె" అని ఎదుటి దుకాణానికి పోయాడు. ఆ వానాకాలం లత ఇద్దరు కూలీల్లో ఒకరిని మాన్పించి, తేలికపాటి పెట్టెలు తానే మోసింది. ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తలేదు.

ఆ ముగ్గురూ, అమర్ బదులు ఇంకొకరిని కలుపుకుని, ఆ బండిలోనే తిరిగొచ్చారు. గోపాల్ సముద్రం ఒడ్డున దండం పెట్టుకుంటున్న ఫోటో అందరికీ పంపాడు.

దసరాకు రంజిత్ జనగామలో కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు. అమర్ పోనన్నాడు. "అతని భార్య నన్ను పిలిచింది. నేను పోత" అంది లత. దాంతో ఇద్దరూ వెళ్లారు. అక్కడ పందిరి కింద కుర్చీలో జగపతి కూర్చుని, చుట్టూ ఉన్నవాళ్లకు థాయిలాండ్ రోడ్ల గురించి చెబుతున్నాడు. గుంత ఒక్కటి లేదట. బండి పోతుంటే మంచినీళ్ల గ్లాసు తొణకదట. "పోయేదుంటే చెప్పుండ్రి, నా కాడ మంచి కంపెనీ ఉన్నది" అని ఎవరికో నంబరు ఇస్తున్నాడు. నంబరు తీసుకుంటున్నవాడు కొత్తగా పెళ్లయిన కుర్రాడు.

కమలాదేవి ఆడవాళ్ల వైపు నుంచి లేచి వచ్చి అమర్ పక్కన నిలబడింది. చిక్కిపోయింది. కానీ ఆ రోజు పెరట్లోలాగా చూపు తప్పించుకోలేదు.

"పోలేదంట కదా నువ్వు."

"నన్ను మాఫ్ చెయ్యి చిన్నమ్మా. నువ్వు అడిగినవ్, నేను..."

"నేను అట్ల అడుగుడే తప్పు" అంది ఆమె. "కట్టుకున్నోనికి కాపలా మనిషిని పెట్టుకునే కాడికి వచ్చినంక ఇగ ఏమున్నది? ఆయన మంచం మేడ మీద వేయించిన. వంట కిందనే, పడక కిందనే నాకు. అక్షయ ఎందుకని అడిగింది. చెప్పిన. అంత చెప్పిన."

"అక్షయకా?"

"దానికే. రేపు దానికి సంబంధం చూస్తడు కదా ఆయన. పిలగాడు మంచోడు అని ఆయన చెప్తే అది నమ్మొద్దు."

భోజనాలకు పిలిచారు. అమర్, లత తినకుండానే బయలుదేరారు. కారు తిప్పుతుంటే జగపతి పందిట్లోంచి వచ్చి కిటికీ మీద వంగాడు. ఏమీ జరగనట్టే ఉంది ఆయన మొహం. నలుగురూ చూస్తున్నారు కాబట్టి చాలా ప్రేమగా ఉంది.

"ఇంక కోపం పోలేదారా? వచ్చే ఏడు వియత్నాం అంటున్నరు. నువ్వు రావాలె. బండి సంగతి నువ్వే చూడు, నీకు నచ్చిందే తీస్కుందాం" అంటూ లోపలికి చెయ్యి పెట్టి భుజం తట్టబోయాడు.

"చెయ్యి తియ్యి" అన్నాడు అమర్.

"ఏంది?"

"అద్దం ఎత్తుతున్న. చెయ్యి తియ్యి."

జగపతి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అమర్ అద్దం ఎత్తి గేరు వేశాడు. పందిట్లో కుర్చీలు ఖాళీ చేసి జనం బంతులకు కూర్చుంటున్నారు. లత తన వైపు అద్దం కూడా ఎత్తింది.